అనంతగిరి సైకిల్ ట్రిప్: దారికి అయిదు స్టార్లు, వెనకాల వచ్చిన బండికి ఒకటే

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద సైక్లిస్టునేం కాను. ఉండేది అత్తాపూర్, ఆఫీసు గచ్చిబౌలి, వయసు 44, నడుము నొప్పి. డాక్టర్ రోజూ నడవమంటే నడక బోరు కొట్టి సైకిల్ కొన్నా. కొన్నాక తెలిసింది మా దగ్గర తొక్కడానికి జాగా లేదని. ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన తొక్కితే ఎడమ పక్క ఆటో, కుడి పక్క ఆర్టీసీ బస్సు, మధ్యలో మన ప్రాణం. అందుకే ఏడాదిగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీదే తొక్కుతున్నా. 2023 అక్టోబర్ 1న తెరిచారు దాన్ని, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23. బండి ఒక్కటి కూడా అడ్డు రాదు, నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. కాకపోతే నెత్తిన ప్యానెళ్ళు, పక్కన ఔటర్ మీద కార్ల హోరు, చూద్దామంటే చెట్టు లేదు. జిమ్‌లో తొక్కినట్టే ఉంటుంది.

ఆ ట్రాక్ దగ్గరే ఒకాయన చెప్పాడు, ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలోకి సైకిళ్ళ మీద తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారని. ఫోన్ చేస్తే సైకిల్ వాళ్ళదైతే 1,900, మనదైతే 1,300 అన్నారు, రానూ పోనూ బండి, పొద్దున టిఫిన్ కలిపి. వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే తిట్టేవి కూడా కొన్ని ఉన్నాయి, కుర్రాళ్ళు మంచివాళ్ళే. నేను వాళ్ళ సైకిలే తీసుకున్నా, నాది ఆ ఎత్తు ఎక్కుతుందన్న నమ్మకం లేక.

దసరా అయిన తర్వాతి ఆదివారం, తెల్లవారుజామున నాలుగింటికి మెహిదీపట్నంలో ఎక్కించుకున్నారు. మొత్తం 14 మందిమి. చేవెళ్ళ రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుతురులో ఆ పాత మర్రిచెట్లు ఒక్కొక్కటే రోడ్డు మీదికి వంగినట్టు కనిపించాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా వందల్లో ఉన్నాయవి. చూడ్డానికి అంత బాగున్న రోడ్డు మీద సైకిల్ మాత్రం వద్దు బాబోయ్, లారీలూ బస్సులూ గాలికే పక్కకి తోసేస్తాయి. వీళ్ళు అక్కడిదాకా వ్యాన్‌లోనే తీసుకుపోవడం తెలివైన పని.

అనంతగిరి గుడి దగ్గర దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. ఇక్కడి నీళ్ళే కిందికి పారి గండిపేటలో చేరతాయి, 1908 వరద తర్వాత కట్టడం మొదలుపెట్టి 1920లో పూర్తి చేసిన చెరువు అది. అదే మూసీ మా ఇంటి వెనకాలకి వచ్చేసరికి సాయంత్రమైతే కిటికీలు మూసుకుంటాం. ఇక్కడేమో తడి ఆకుల వాసన. నాకు ఆ మాట అనుకుంటూ అక్కడే కాసేపు నిలబడాలనిపించింది, కానీ మా బ్యాచ్ వాళ్ళు ఫొటోలకే నలభై నిమిషాలు తినేశారు, గైడ్ కుర్రాడు నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఇది మొదటి కంప్లయింట్. ఎందుకంత పెద్ద విషయమో తర్వాత చెప్తా.

రూటు ఏంటంటే, అనంతగిరి నుంచి కొంత దూరం తాండూరు రోడ్డు, నాపరాళ్ళ లారీలు తిరిగే రోడ్డు అది, అక్కణ్ణుంచి లోపలి దారుల్లో పడి కోట్‌పల్లి ప్రాజెక్టు, మళ్ళీ వెనక్కి. నా ఫోన్ లెక్కన మొత్తం 40 దాటింది. లోపలి దారిలో పడ్డాక మాత్రం ఇది హైదరాబాద్‌కి రెండు గంటల దూరమేనా అనిపించింది. రెండు పక్కలా టేకు, మోదుగ, మధ్య మధ్య సీతాఫలం చెట్లు, బతుకమ్మకి కోయగా మిగిలిన తంగేడు, గునుగు పూలు. అడవి ఆగినచోట ఎర్రమట్టి చేలు, కంది, పత్తి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతం పంటకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది కదా, ఆ కంది మొక్క ఎలా ఉంటుందో పప్పు తినే మా అబ్బాయికి తెలీదు, ఫొటో తీసి పంపించా.

రోడ్డు చదునుగా ఉండదు. దిగుడు, వెంటనే ఎక్కుడు, మళ్ళీ దిగుడు. దిగేటప్పుడు భయపడి బ్రేకులు పట్టుకుంటే ఎదురుగా ఉన్న ఎత్తు మొత్తం కాళ్ళతోనే ఎక్కాలి, వదిలేస్తే సగం ఎత్తు అదే ఎక్కేస్తుంది. ఇంకోటి, గేరు ఎత్తు మొదలయ్యేముందే మార్చుకోవాలి. నేను మధ్యలో బలంగా తొక్కుతూ మార్చా, చైన్ కటకటమని ఊడింది. ఇది నా తప్పే, వాళ్ళది కాదు. సీటు ఎత్తు సరిచేయకుండా ఎక్కించడం మాత్రం వాళ్ళ తప్పు, మోకాలు పూర్తిగా చాచే వీలు లేక అరగంటలో పట్టేసింది, నేనే దిగి పైకి లాక్కున్నా.

ఇప్పుడు అసలు గొడవ. 'సపోర్ట్ వెహికల్' అని గొప్పగా రాశారు, అది పాత డీజిల్ ట్రాలీ. ఎవరైనా అలిసిపోతే ఎక్కించుకోవడానికి మా వెనకాలే, పది అడుగుల దూరంలో, సైకిళ్ళ స్పీడులో వస్తోంది. ఇంజన్ డగడగ, పొగ, పైగా పాటలు, మలుపు వచ్చినప్పుడల్లా హారన్. ఏడు కిలోమీటర్లు అలాగే పోయాం. రోడ్డు మీద ఎదురైన వాహనాలు రెండంటే రెండు బైకులు, ఒక పాల ఆటో. ట్రాఫిక్ లేని దారి అని డబ్బులు కట్టి వచ్చి, ఆ అడవి మొత్తంలో ఉన్న ట్రాఫిక్‌ని మేమే వెంట తెచ్చుకున్నాం!

ఆగి డ్రైవర్‌తో చెప్పా, "తమ్ముడూ, నువ్వు ముందుకుపోయి ఎక్కడన్నా ఆగు, మేం వస్తాం" అని. "వెనకనే ఉండమన్నరన్నా, మల్ల ఎవరన్న పడితే నన్నంటరు" అన్నాడు. అతని బాధ అతనిది. చివరికి గైడ్ ఒప్పుకున్నాక ముందుకు పోయాడు. ఆ శబ్దం మలుపు దాటి పోయాక ఏం జరిగిందంటే, ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా గొంతు చించుకుని అరుచుకుంటున్న 14 మందీ. టైరు కింద ఎండుటాకులు, చైన్ తిరిగే సన్నటి చప్పుడు, ఎక్కడో నెమలి కూత, కనపడని మేకల మెడలో గంటలు. నేనైతే ఆ నాలుగైదు కిలోమీటర్ల కోసమే మళ్ళీ 1,900 కడతా.

పంక్చర్ కూడా అప్పుడే పడింది, నాదే. పల్లేరు కాయ. రోడ్డు అంచున మట్టిలోకి దిగితే అవి వదలవు, టైరు తారు మీదే ఉంచాలి, మెత్తగా ఉందని పక్కకి పోకూడదు. పంపూ స్పేర్ ట్యూబూ అన్నీ మేం తరిమేసిన బండిలో ఉన్నాయి, అది ఎక్కడో ముందు ఉంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. నవ్వండి, పర్లేదు. తోసుకుంటూ ఒక చిన్న ఊళ్ళోకి పోతే పంక్చర్ వేసే తాత దొరికాడు. టబ్బు నీళ్ళలో ట్యూబ్ ముంచి, బుడగ చూసి, గీకి, ప్యాచ్ అంటించి, గాలి కొట్టబోయి ఆగిపోయాడు. "గిది మా పంపుకు పట్టదు బిడ్డా, గింత సన్నగుంది" అన్నాడు. ఈ కొత్త సైకిళ్ళ సన్న వాల్వుకి మామూలు పంపు పట్టదు, మధ్యలో ఒక ఇత్తడి అడాప్టర్ ఉండాలి, వేలిగోరంత ఉంటుంది. మా బ్యాచ్‌లో రిటైరైన బ్యాంకు సార్ ఒకాయన సీటు కింద సంచిలోంచి తీసి ఇచ్చారు. తాత ఇరవై రూపాయలు అడిగాడు, ఎక్కువిస్తే తీసుకోలేదు. 1,900 తీసుకునేవాళ్ళు ప్రతి సైకిల్‌కీ ఆ ముక్క ఒకటి, గైడ్ దగ్గర ఒక పంపు పెట్టలేరా? ఇది రెండో కంప్లయింట్, ఇదే పెద్దది.

కోట్‌పల్లి దగ్గర నీళ్ళు బాగున్నాయి, కయాకింగ్ ఉంది, టిఫిన్ చల్లారిన ఉప్మా. అంతే.

ఆ నలభై నిమిషాల సంగతి చెప్తానన్నా కదా. తిరిగి వచ్చేసరికి పదిన్నర. పొద్దున ఖాళీగా ఉన్న రోడ్డేనా ఇది అనిపించింది, సిటీ నుంచి రిసార్టులకి వచ్చే కార్లు వరసకట్టాయి, ఒక కారు సన్‌రూఫ్‌లోంచి పిల్లాడు మా మీదికి చిప్స్ ప్యాకెట్ విసిరాడు. ఇక్కడ ప్రశాంతత తొమ్మిదింటిదాకే, తర్వాత మీరు ఏ సర్వీసుతో వెళ్ళినా ఒకటే. సొంతంగా వెళ్ళేవాళ్ళు ఆరు కాకముందే పెడల్ మీద కాలుండేలా చూసుకోండి. వానాకాలం నుంచి డిసెంబర్ దాకా పచ్చగా ఉంటుంది, ఎండాకాలం ఆకులన్నీ రాలిపోతాయి, నీడ ఉండదు. దామగుండం అడవి వైపు మాత్రం ప్లాన్ పెట్టుకోకండి, అక్కడ నేవీ రేడియో స్టేషన్‌కి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయ్యింది.

కుక్కలు రెండుచోట్ల వెంటపడ్డాయి. గైడ్ కుర్రాడు సైకిల్ దిగి నడవమన్నాడు, దిగగానే ఆగిపోయాయి. ఆ కుర్రాడికి ఆ దారులన్నీ కొట్టిన పిండి, ఎక్కడ రోడ్డు గుంత పడిందో, ఏ మలుపులో ఇసుక ఉందో ముందే అరిచి చెప్తాడు. ఏ మ్యాపులోనూ అవి ఉండవు, నేను 1,900 ఇచ్చింది సైకిల్‌కి కాదు, అతనికే అనుకుంటున్నా.

మొన్న ఫోన్ చేసి ఇవన్నీ చెప్పా. బండి ఇకమీద ముందే పోతుందన్నారు, పంపు కొంటామన్నారు. నవంబర్ బ్యాచ్‌లో పేరు రాయించబోయి ఆగా, కార్తీకంలో అనంతగిరి జాతర, ఆ జనంలో సైకిలేం తొక్కుతాం, డిసెంబర్‌లో రాయమన్నా. సీట్లకి మెత్తటి కవర్లు వేయిస్తారా అని కూడా మెసేజ్ పెట్టా, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.