సప్లయర్ పోర్టల్‌తో అయిదేళ్లు: సరుకు కనిపిస్తుంది, బిల్లు ఎవరి దగ్గరుందో కనిపించదు

చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలున్న చిన్న యూనిట్. షాఫ్టులు, బుష్‌లు చేసి శ్రీపెరుంబుదూరు వైపున్న ఒక పెద్ద విడిభాగాల కంపెనీకి పంపుతాం. డిస్పాచ్, బిల్లింగ్ రెండూ నేనే చూస్తాను కాబట్టి అయిదేళ్లకు పైగా ఆ కంపెనీ సప్లయర్ పోర్టల్ (సరుకు పంపే మాలాంటి వాళ్ల కోసం పెట్టిన వెబ్‌సైట్) తెరవని పనిరోజు లేదు.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా మంచి. ఒకప్పుడు షెడ్యూల్ ఫోన్‌లో వచ్చేది. పొద్దున వెయ్యి ముక్కలు అన్నవాళ్లు సాయంత్రం ఏడొందలు చాలనేవారు, మనం అప్పటికే రాడ్ కోసేసి ఉంటాం. ఇప్పుడు వారం షెడ్యూల్ ఖాయంగా, వచ్చే నెలది అంచనాగా స్క్రీన్ మీద ఉంటుంది. మారిస్తే ఎప్పుడు మార్చారో తేదీతో సహా నమోదవుతుంది. ముడిసరుకు కొనే ధైర్యం దానివల్లే వచ్చింది.

సరుకు బయలుదేరే ముందు పోర్టల్‌లో ఏఎస్ఎన్, అంటే సరుకు వస్తోందని ముందస్తు సమాచారం, కొట్టాలి: ఇన్వాయిస్ నంబర్, ముక్కల లెక్క, బ్యాచ్, బండి నంబర్. తమిళనాడు లోపలే తిరిగే సరుకైతే విలువ లక్ష దాటినప్పుడు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం) నంబర్ కూడా. బార్‌కోడ్ లేబుల్ ప్రింట్ తీసి పెట్టెకు అంటిస్తాం, గేటు దగ్గర సెక్యూరిటీ స్కాన్ చేస్తాడు, బండి లోపలికి వెళ్తుంది. మా కుట్టి యానై (చిన్న ట్రక్కు) నడిపే సూళ్లూరుపేట తమ్ముడు గేటు బయట ఎండలో పడిగాపులు పడటం చాలావరకు తగ్గింది.

లాగిన్ మాత్రం పెద్ద టెన్షన్. యూనిట్‌కి ఒకటే లాగిన్, ఓటీపీ ఓనరు గారి ఫోన్‌కే వస్తుంది. ఒకసారి ఆయన తిరుమలలో ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేసి దర్శనం క్యూలో ఉన్నారు. ఇక్కడ సరుకు లోడైపోయింది, ఏఎస్ఎన్ లేదు, బండి కదల్లేదు. రెండో యూజర్‌ను ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా టికెట్ మూసేస్తారు తప్ప పని జరగదు. బ్యాంకు ఖాతా మార్చాలంటే మాత్రం క్యాన్సిల్డ్ చెక్కు అడుగుతారు, వాళ్లే తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకుంటారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

అసలు బాధ సరుకు లోపలికి వెళ్లాక మొదలవుతుంది. సరుకు అందిందని కంపెనీ నమోదు చేసే జీఆర్ఎన్ పడాలి, క్వాలిటీ వాళ్లు ఓకే చేయాలి, ఆ తర్వాత పర్చేజ్ ఆర్డర్, జీఆర్ఎన్, ఇన్వాయిస్ మూడూ సరిపోవాలి. ఎక్కడ ఒక్క పైసా తేడా వచ్చినా బిల్లు ఆగుతుంది. మా విషయంలో తేడా దాదాపు ప్రతిసారీ రేటులోనే. స్టీలు ధర పెరిగిందని మాట్లాడుకుని కొత్త రేటు ఒప్పుకుంటారు, కానీ ఆర్డర్‌లో ఆ రేటు ఎక్కించరు. మేం కొత్త రేటుతో బిల్లు వేస్తే సరిపోలదు. పాత రేటుతో వేస్తే తేడా డబ్బు వెనక్కి రాబట్టడం మరో యుద్ధం. ఇంతా జరుగుతున్నా పోర్టల్‌లో నాకు కనిపించేది ఒకటే మాట: ప్రాసెస్‌లో ఉంది.

ఆ కంపెనీ పర్చేజ్‌లో పనిచేసే నెల్లూరు అబ్బాయి ఒకసారి విషయం చెప్పాడు: "అన్నా, మీ బిల్లు మా ఉద్యోగుల పోర్టల్‌లో మా సార్ లిస్టులో ఉంది. ఆయన లీవులో ఉన్నారు, తన పని వేరేవాళ్లకి అప్పజెప్పలేదు." అంటే నా బిల్లు ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా ఉందో కంపెనీ లోపల అంతా తెలుసు. అదే సమాచారం నా వైపు స్క్రీన్‌కి రానివ్వరు. మేం స్టీలు కొనే డీలర్ కూడా కస్టమర్ పోర్టల్ పెట్టాడు. హీట్ నంబర్ (స్టీలు ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పే నంబర్) కొడితే టెస్ట్ సర్టిఫికెట్ వస్తుంది, మేం బాకీ ఉన్న ప్రతి రూపాయి ఎన్ని రోజులు దాటిందో ఎర్రగా కనిపిస్తుంది. మాకు రావలసిన డబ్బుకి కూడా అలాంటి లెక్క కావాలనే నేను అడుగుతున్నాను.

ఇది సౌకర్యానికి మించిన విషయం. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా మాలాంటి చిన్న యూనిట్‌కి 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. సరుకు చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజు నుంచే లెక్క. పోర్టల్‌లో "తనిఖీలో" అని నెలరోజులు వేలాడినా గడువు ఆగదు. కానీ కంపెనీ లెక్క క్వాలిటీ ఓకే అయిన తేదీ నుంచి మొదలవుతుంది. డబ్బు ఆలస్యమైతే ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికోసం 2017లో సమాధాన్ పోర్టల్ తెచ్చారు. పెడితే తర్వాతి షెడ్యూల్‌లో మన పేరు ఉంటుందా అన్న భయం ప్రతి ఓనరుకీ ఉంటుంది. అందుకే ఆ తేదీలు పోర్టలే చూపించాలి, మేం అడగాల్సిన అవసరం రాకూడదు.

అయిదుకి మార్కులు వేస్తే సరుకు గేటు దాటేవరకు నాలుగు, ఆ తర్వాత డబ్బు చేరేవరకు రెండు.

కొత్తగా ఇలాంటి పోర్టల్‌లో చేరే యూనిట్లకు ఒక మాట. గేటులో స్కాన్ అయిన తేదీ, జీఆర్ఎన్ తేదీ, అభ్యంతరం ఏదైనా రాస్తే అది, మూడింటినీ ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసి మీ కంప్యూటర్‌లో దాచుకోండి. కంపెనీ మీకిచ్చిన వెండర్ కోడ్ (సప్లయర్ గుర్తింపు నంబర్) ఆపేస్తే లాగిన్ కూడా పోతుంది. మా పక్క షెడ్డువాళ్లకి అలాగే జరిగింది, పాత బిల్లుల తేదీలు చూపించడానికి వాళ్ల దగ్గర ఇప్పుడు లారీ రసీదులు తప్ప ఏమీ లేవు.