కుదుపుల కారుకి కొత్త షాక్ అబ్జార్బర్లు: రెండేళ్ల తర్వాత

కారుకి ఎనిమిదేళ్లు, మీటరు మీద 1,20,000 కిలోమీటర్లు. సస్పెన్షన్, అంటే కుదుపుల్ని మింగే స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్ల ఏర్పాటు, పని చేయించి రెండేళ్లు దాటింది, ఆ తర్వాత ఇంకో 30,000 తిరిగాను. చేయించిన వారంలో రాసుంటే అంతా పొగిడేవాడిని, కొత్త విడిభాగాలు పడ్డ వారంలో ఏ కారైనా బాగానే ఉంటుంది కదా.

అంతకుముందు చిన్న గుంత వచ్చినా నడుము దాకా కొట్టేది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు కుడివైపు ఠక్కుమని ఒక దెబ్బ. వెనక సీట్లో అమ్మ పై హ్యాండిల్ వదలకుండా కూర్చునేది. నేనేమో అడిగిన ప్రతివాడి మాటా విని ముందు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), తర్వాత బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేయించాను. రెండూ దండగే. బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒకవైపే అరుగుతున్నా అలైన్‌మెంట్, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంటే బ్యాలెన్సింగ్. నా బండికి ఈ రెండు జబ్బులూ లేవు.

అసలు ముందు చూడాల్సింది టైర్లలో గాలి. చిన్న గేజ్ ఒకటి కొని, పొద్దున్నే బండి కదపకముందు పెట్టి చూస్తే 41 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)! డ్రైవర్ డోరు తీస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద 33 అని ఉంది, అన్నేళ్లుగా అదే డోరు తీస్తూ వేస్తూ ఉన్నా ఒక్కసారీ చదవలేదు. గాలి పట్టే అబ్బాయి ఎంత కొడితే అంత. నడిపి వెళ్తే టైరు వేడెక్కి ప్రెషర్ మూడు నాలుగు పాయింట్లు పెరిగి చూపిస్తుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 33కి దించాక సగం బాధ అక్కడే పోయింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మిగతా సగం కింద ఉంది. బండి పైకెత్తించి మెకానిక్‌తో పాటు నేనూ దూరాను. వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ (స్ప్రింగ్ ఊపుని ఆపే, లోపల నూనె ఉండే గొట్టం) ఒంటినిండా నూనె, దాని మీద దుమ్ము మందంగా పట్టి ఉంది, అంటే లీక్ ఈమధ్య మొదలైంది కాదు. ముందు కుడివైపు రబ్బరు తొడుగు పైకి జరిపితే లోపలి బంప్ స్టాప్ పసుపు రంగు పొడిలా చేతిలో రాలింది. షాక్ పూర్తిగా కిందికి నొక్కుకుపోయినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఆపేది ఆ ముక్కే. ఆ ఠక్కు అదే. బండిని నేల మీదికి దించి, మెకానిక్‌ని స్టీరింగ్ తిప్పమని, నేను స్ప్రింగ్ మీద వేళ్లు ఆనిస్తే నున్నగా తిరక్కుండా ఆగి ఆగి ఎగురుతోంది, అంటే స్ట్రట్‌ని (ముందు షాక్, స్ప్రింగ్ కలిసిన భాగం) పైన బండికి పట్టి ఉంచే మౌంట్‌లోని బేరింగ్ కూడా అయిపోయింది. బానెట్ నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో చూసి షాక్ బాగుందనే పరీక్షని మాత్రం నేను నమ్మను, నా బండి అందులో పాసైంది.

నాలుగు షాక్‌లూ మార్చాను. ఒక్కటే మారిస్తే ఎడమ కుడి రెండు తీర్లుగా నడుస్తుంది, కనీసం జతగా మార్చాలి. వాటితో పాటు ముందు మౌంట్లు, బంప్ స్టాప్‌లు, లింక్ రాడ్లు (మలుపుల్లో ఒరగకుండా ఆపే కడ్డీని కలిపేవి), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి కీలులోని రబ్బర్లు). మౌంట్లు తర్వాత చూద్దాంలే అంటారు, ఒప్పుకోవద్దు, వాటి కోసం మళ్లీ స్ట్రట్ మొత్తం విప్పాలి.

ఇక నా గొడవ. తొమ్మిది నెలలకే లోయర్ ఆర్మ్ బుష్ చిరిగింది. విడిభాగంలో లోపమేం లేదు, బిగించిన తీరులో ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆ బోల్టు పూర్తిగా బిగించేశారు. బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోయి, ఇక ఎప్పుడూ ఆ మెలికతోనే పనిచేస్తుంది, చిరగక ఏం చేస్తుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. రెండోసారి పక్కన నిలబడి అలాగే చేయించా, ఇప్పటిదాకా చప్పుడు లేదు.

ఇప్పుడెలా ఉందంటే, స్పీడ్ బ్రేకర్ దిగాక ఒక్క ఊపుతో కుదురుకుంటుంది, మలుపుల్లో ఒరగడం తగ్గింది, ఆ ఠక్కు మళ్లీ వినలేదు. అమ్మ హ్యాండిల్ వదిలి నిద్రపోతోంది, అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకక్కర్లేదు. షాక్‌లు 30,000కి ఇంకా పొడిగానే ఉన్నాయి.

కానీ పదునైన అంచున్న చిన్న గుంతల మీద గరుకుదనం పూర్తిగా పోలేదు. అందులో తప్పు నాదే. చూడ్డానికి బాగుంటుందని మధ్యలో కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైర్లు తీసేసి 195/55 ఆర్16 వేయించాను (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ సైజు). చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే, కాకపోతే టైరు పక్క గోడ 120 మిల్లీమీటర్ల నుంచి 107కి పడిపోయింది. ఆ 13 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ మింగాల్సిన దెబ్బ ఇప్పుడు తిన్నగా లోపలికి వస్తోంది, ఎంత మంచి షాక్ వేసినా అది తీరేది కాదు. పాత 15 అంగుళాల చక్రాలు అమ్మకుండా అటక మీద పెట్టాను, ఈ టైర్లు అరగ్గానే దించుతా.