ఫాస్ఫో-ఎర్క్ యాంటీబాడీ 4370: హీలా కణాల్లోనూ, ఈస్ట్‌లోనూ

కణాన్ని పెరగమనే సంకేతాన్ని మోసే ప్రొటీన్ ఎర్క్; దానికి ఫాస్ఫేట్ తగిలినప్పుడే పట్టుకునేది ఫాస్ఫో-ఎర్క్ యాంటీబాడీ. మా ల్యాబ్‌కి నేను తెప్పించిన అలాంటివాటిలో ఇది మూడోది. మొదటి రెండూ వేరే కంపెనీలవి. ప్రేరేపించేదేమీ ఇవ్వని కణాల్లో కూడా బ్లాట్ మీద బ్యాండ్ (ప్రొటీన్ ఉన్నచోట కనబడే గీత) చూపించేవి. ఆర్నెల్లపాటు లోపం నా కణాల్లోనే ఉందనుకుని ఎన్ని ఫ్లాస్కులు పారబోశానో!

ఇప్పుడు వాడుతున్నది సెల్ సిగ్నలింగ్ వాళ్ల 4370, కుందేలు మోనోక్లోనల్ (అంతా ఒకే కణ వంశం నుంచి వచ్చిన యాంటీబాడీ). ఎర్క్ ఒక కైనేజ్, అంటే ఇతర ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. అందులో థ్రియోనిన్, గ్లుటామేట్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు పక్కపక్కనే ఉండే చోటు ఒకటుంది. మెక్ అనే మరో కైనేజ్ వచ్చి ఆ థ్రియోనిన్‌కీ టైరోసిన్‌కీ చెరో ఫాస్ఫేట్ తగిలిస్తేనే ఎర్క్ పూర్తిగా పనిలోకి దిగుతుంది. ఈ యాంటీబాడీ పట్టేది ఫాస్ఫేట్ తగిలిన ఎర్క్‌నే.

రాత్రంతా సీరం లేకుండా ఉంచిన హీలా కణాలకి (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఈజీఎఫ్ అనే పెరుగుదల సంకేతం ఇచ్చి, 5 నిమిషాలకే వాటిని పగలగొట్టి లైసేట్ తీశాను. ఇవ్వని లేన్ దాదాపు ఖాళీ. ఇచ్చిన దాంట్లో 44, 42 కిలోడాల్టన్ల దగ్గర రెండు గీతలు, కిందిది కాస్త లావుగా, మధ్యలో వెంట్రుకంత సందు. ముందే యూ0126 వేసి మెక్‌ని ఆపిన లేన్‌లో రెండూ లేవు. ఫిల్మ్ ఎండకముందే పరుగెత్తుకెళ్లి మా సార్‌కి చూపించాను.

అంతకంటే ముచ్చటేసింది ఈస్ట్‌లో. పక్క బెంచీ అమ్మాయి తన బ్లాట్ తెచ్చి, "అక్కా, మీ యాంటీబాడీలో ఇదీ ముంచనా?" అంది. జత కట్టమని పిలిచే ఆల్ఫా ఫ్యాక్టర్ ఇచ్చిన ఈస్ట్‌లో, ఎర్క్‌కి బంధువులైన ఫస్3, కేఎస్ఎస్1 కైనేజ్‌లు వచ్చాయి. 39 డిగ్రీల్లో ఉంచిన దాంట్లో, పైన 55 దగ్గర, కణం గోడని కాపాడే మరో బంధువు ఎస్ఎల్‌టీ2 కనిపించింది. మనమూ ఈస్టూ విడిపోయి వంద కోట్ల ఏళ్లు దాటినా ఆ మూడు అమైనో ఆమ్లాలు అలాగే ఉండిపోయాయి మరి! ఉప్పు ఎక్కువైతే మేల్కొనే హాగ్1 మాత్రం దీనికి దొరకదు. అందులో గ్లుటామేట్ చోట గ్లైసిన్ ఉంటుంది. దానికి ఫాస్ఫో-పీ38 యాంటీబాడీ (పీ38 అంటే మనలో హాగ్1కి బంధువు) తీసుకోవాలి.

ప్రైమరీని, అంటే ఈ యాంటీబాడీని, పాలపొడిలో కలపొద్దు, 5 శాతం బీఎస్ఏలో (ఆవు సీరం ప్రొటీన్) 1:2000 చాలు. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లుంటాయి. కణాలని పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఫాస్ఫేట్లని ఊడగొట్టే ఎంజైమ్‌లని ఆపేవి) అప్పటికప్పుడు కలపండి, లేకపోతే గీత ఐస్ మీదే కరిగిపోతుంది. వయల్‌ని మైనస్ 20లో పెట్టండి, చిన్న ట్యూబుల్లోకి పంచక్కర్లేదు.

ధర మాత్రం స్కాలర్లకి భారమే. అయినా ఈ నెల ఇండెంట్‌లో మళ్లీ ఇదే రాశాను, పక్కన టోటల్ ఎర్క్ (ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా ఎర్క్‌ని పట్టే యాంటీబాడీ) కూడా.