వెనీర్ ప్యానెల్ మీద పద్మం: చెక్క పొదగాలా, రెసిన్ పోయాలా?

పూజగది తలుపు మీదికి పద్మం కావాలని వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే. నేను సూటిగా చెప్పేస్తాను, రేకులు వేలెడు వెడల్పైనా ఉంటే చెక్కే పొదగండి, గీతలు సన్నగా ఉంటే రెసిన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ) పోయండి. ఖర్చు చూసి తేల్చుకోవద్దు, రెండింట్లోనూ డబ్బు తినేది సామాను కాదు, చేతిపని.

ముందు చెక్క సంగతి. వెనీర్ అంటే పల్చగా తీసిన చెక్క పొర, మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. టేకు పొరలో రేకు ఆకారం లేజర్‌తో కోసి తీసేసి, అదే ఆకారంలో కోసిన తెల్లటి మేపుల్ ముక్కని ఆ ఖాళీలో కూర్చోబెట్టాలి. చాలామంది ఒకే డ్రాయింగుతో రెండూ కోసేసి బోల్తా పడతారు, ఎందుకంటే లేజర్ వెళ్లిన దారిలో 0.1 నుంచి 0.2 మి.మీ. చెక్క కాలిపోతుంది, దాంతో ఖాళీ పెద్దదవుతుంది, ముక్క చిన్నదవుతుంది, రెండూ కలిసి చుట్టూ సందు వస్తుంది. ముక్క గీతని అంత మేర బయటికి జరిపి కోస్తే సరిగ్గా బిగుస్తుంది. మాస్కింగ్ టేప్ వేసి కోయకపోతే పొగ మరక పడుతుంది. వేసినా అంచు మాత్రం నల్లబడుతుంది, తెల్ల రేకు చుట్టూ కాటుక దిద్దినట్టు. నాకది ఇష్టమే, నచ్చనివాళ్లూ ఉన్నారు.

ముక్కలన్నీ టేపుతో కలిపి, ఒకే పొరగా 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) మీద అంటించి రాత్రంతా బరువు పెడతాను. వెనక వైపు కూడా వెనీర్ వేయాల్సిందే, లేకపోతే బోర్డు వంగుతుంది. ఇంత కష్టం ఎందుకంటే, ఒక్కో రేకుకి చెక్క చారల్ని ఒక్కో దిక్కుకి తిప్పి పెడితే మనం నడుస్తుంటే వెలుగు ఒక రేకు మీంచి ఇంకో రేకు మీదికి జారుతుంది. రెసిన్‌లో ఎంత మెరుపు పొడి కలిపినా అది రాదు.

రెసిన్‌కైతే వెనీర్ అంటించాక లేజర్‌తోనే రెండు మి.మీ. లోతు గాడి తీయాలి. గాడి అడుగున ఎండీఎఫ్ రెసిన్‌ని పీల్చి బుడగలు వదులుతుంది కాబట్టి ముందు బ్రష్‌తో పల్చగా ఒక పూత, అది జిగురుగా మారాక అసలు పోత. కొలతలు డబ్బా మీద రాసినట్టే, కాటాతో తూచి. మే నెలలో ఒకసారి బద్ధకించి మూడొందల గ్రాములు ఒకే కప్పులో కలిపాను, పది నిమిషాల్లో పొగలొచ్చి కప్పు మెత్తబడిపోయింది. ఎండాకాలం కొంచెం కొంచెంగానే కలపాలి.

అసలు గండం తర్వాత ఉంది. ఎండిన రెసిన్ గట్టిది, పక్కనున్న వెనీర్ మెత్తనిది. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ముందు అరిగేది వెనీరే. మా పిన్ని వాళ్ల తలుపుకి చేసినప్పుడు కాడ పక్కన అరచేయంత మేర ఎండీఎఫ్ బయటపడింది, దాన్ని కప్పలేక ప్యానెల్ మొత్తం మళ్లీ చేశాను. ఇప్పుడు వెనీర్ మీద టేప్ ఉండగానే పోసి, రెసిన్ పూర్తిగా గట్టిపడకముందే టేప్ లాగేస్తాను, రుద్దాల్సింది సగానికి సగం తగ్గుతుంది.

ఇంకో మాట, మామూలు ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండ తగిలితే పచ్చబడుతుంది కూడా. దీపానికి సరిగ్గా పైన గానీ బాల్కనీలో గానీ పెట్టేదైతే చెక్కే మేలు, రంగు మారినా చెక్క చెక్కలాగే ఉంటుంది.

ప్రస్తుతం బల్ల మీదున్న ప్యానెల్‌లో రెండూ కలిపాను. రేకులు మేపుల్, వాటి ఈనెలు మాత్రం బంగారు రంగు రెసిన్. ముక్కని కావాలనే జరపకుండా కోసి, చుట్టూ మిగిలిన సందులో కూడా నల్ల రెసిన్ నింపేశాను.