పొగ రాని పొయ్యి అంట! కొనేముందు ఒక్కసారి చదవండి

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దారిలో ఆటోకి మైకు కట్టి "పొగ రాదు, సగం పుల్లలకే వంట" అని అరుస్తాడే, ఆయన సంగతే. మన వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 3,200 పోశాను. డిగ్రీ చదివాను పైగా!

గ్యాస్ ఉంది మాకు. కానీ స్నానాలకి నీళ్లు, గేదెలకి ఉలవలు మాత్రం అమ్మ పెరట్లో కొబ్బరి డొక్కలతోనే కాస్తుంది. కళ్లు మంటలు, దగ్గు. చూడలేక కొన్నాను.

ఇది లోపల చిన్న ఫ్యాన్ గాలి ఊదే పొయ్యి. ఫ్యాన్ పొయ్యి అన్నదే మోసం అనను. పైన కన్నాల్లోంచి వచ్చే గాలికి పొగ కూడా మండిపోతుంది, అందుకే పుల్ల తక్కువ పడుతుంది. కాకపోతే బాగా ఎండిన చిన్న ముక్కలే వేయాలి. డెమోలో ఆయన వేసినవి సంచిలో కొట్టి తెచ్చుకున్న ముక్కలే. కళ్లారా చూశాను, బుర్రకెక్కలేదు. మా డొక్కల పీచుకి వారంలోనే కన్నాలు పూడుకుపోయాయి. పదిహేనో రోజున ఫ్యాన్ గుర్రుమని ఆగిపోయింది. ఇక పొగ చూడాలి! ఐఎస్ఐ గుర్తు అని మురిసిపోయానా, గోటితో గీకితే స్టిక్కర్ ఊడి చేతికొచ్చింది.

అమ్మని బండెక్కించుకుని ఆ అమ్మినాయన షాపుకి వెళ్లాను. గుమ్మం మీద ఫ్లెక్సీ. అందులో మా అమ్మ! కొన్నరోజు "వారంటీ కోసం అమ్మగారూ, కొంచెం నవ్వండి" అని తీసిన ఫొటో. కింద "మా పొయ్యితో హాయిగా ఉన్నాను" అని రాశాడు. ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి అమ్మ దగ్గుతోంది. ఆయన తలెత్తకుండా "తడి డొక్కలు వేసుంటారు, వారంటీ రాదు. పెద్దావిడకి వాడటం తెలీదండీ" అన్నాడు, పదిమంది ముందు. నలభై ఏళ్లుగా పొయ్యి రాజేస్తున్న మనిషికి! పోనీ ఆ ఫొటో అయినా తీసెయ్యవయ్యా అంటే, "కొత్త ఫ్లెక్సీ డబ్బులు మీరిస్తారా?" అని నవ్వాడు. నాకు నోట మాట రాలేదు. అమ్మే "పదరా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కొనాలనుకుంటే ఐఎస్ 13152 (పుల్లల పొయ్యిలకి ఉన్న ఐఎస్ఐ ప్రమాణం నంబరు) ముద్ర పొయ్యి రేకు మీదే ఉందేమో చూడండి, స్టిక్కర్ నమ్మకండి. ఆ ప్రమాణం ప్రకారం ఫ్యాన్ పొయ్యి పుల్లల వేడిలో కనీసం 35 శాతం గిన్నెకి అందించాలి. ఫ్యాన్, బ్యాటరీ విడిగా దొరుకుతాయో లేదో అడగండి. డెమోకి మీ ఇంటి డొక్కలే పట్టుకెళ్లండి. ఫొటో మాత్రం దిగకండి.