థాంప్సన్ గారి కుడి చెయ్యి

ఇంగ్లిష్ గాయకుడు, గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ సోలో కచేరీకి వెళ్ళేవాళ్ళకు ముందే ఒక మాట. వేదికకు ఎదురుగా కూర్చుంటే మన కుడిచేతి వైపు వచ్చే సీట్లు తీసుకోండి. నాకు ఎడమవైపు దొరికింది. ఇంటర్వెల్ దాకా ఆయన మోచెయ్యే ఎక్కువ కనిపించింది. ఇంటర్వెల్‌లో అక్కడున్న వాలంటీరు ఆవిడను అడిగితే, అవతల మూడో వరసలో ఖాళీ సీటు చూపించారు. అక్కడ కూర్చున్నాక చూసిందే ఈ రివ్యూ రాయిస్తోంది.

పేరు విననివాళ్ళ కోసం: ఆయన 1949లో లండన్‌లో పుట్టారు. 1967లో తన బ్యాండ్ ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ మొదలైనప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్ళు. 1969 మే నెలలో, కచేరీ చేసి తిరిగొస్తుంటే వాళ్ళ వ్యాన్ ఎం1 మోటార్‌వే మీద ప్రమాదానికి గురైంది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, పంతొమ్మిదేళ్ళకే. థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. మిగిలినవాళ్ళు పాత పాటలు పక్కనపెట్టి, అదే ఏడాది ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బమ్ తెచ్చారు. తరాలుగా జనం నోళ్ళలో ఉన్న కథాగేయాలు, మనకు బొబ్బిలి కథలాంటివి, ఎలక్ట్రిక్ గిటార్, ఫిడేలు, డ్రమ్స్‌తో వాయించారు. ఇంగ్లిష్ ఫోక్ రాక్ అనగానే ఇప్పటికీ ముందు చెప్పేది ఆ రికార్డునే.

ఆ మనిషి నల్ల బెరే టోపీతో నడిచొచ్చి, అకూస్టిక్ గిటార్ (ఎలక్ట్రిక్ కాని మామూలు గిటార్) తగిలించుకుని, నమస్కారంగా తల ఊపి మొదలుపెట్టేశారు. బ్యాండ్ లేదు, వెనక తెర లేదు. మొదటి రెండు పాటలకూ హాలువాళ్ళ సౌండ్ అస్సలు బాగాలేదు. లావు తీగలు గుమ్మని మోగి మాటలు మింగేశాయి. మూడో పాటకి సర్దుకుంది. ఆయన ఎలక్ట్రిక్ గిటార్ సోలోలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఇలాంటి కచేరీలో ఆ లోటు ఉంటుంది, నాకూ ఉంది. గొంతు మాత్రం ఆ బరువుతోనే ఉంది, మందంగా, లోతుగా. పాటల మధ్య కబుర్లు చెప్పి హాలంతా నవ్వించారు. పాటలోకి వెళ్ళగానే ఆ ముఖమే మారిపోతుంది.

ఇక ఆ చెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళ, ఉంటుంది, లావు తీగల పని దానిది. మధ్యవేలు, ఉంగరపువేలు సన్న తీగల మీద రాగం మీటుతుంటాయి. దీన్ని హైబ్రిడ్ పికింగ్ అంటారు. రికార్డుల్లో విన్నప్పుడు ఇద్దరు వాయిస్తున్నారేమో అనుకునేదాన్ని. నాలుగేళ్ళ నుంచి గిటార్ నేర్చుకుంటున్నాను, పద్ధతి ఏమిటో తెలుసు. కానీ మూడో వరస నుంచి చూస్తే తెలిసింది వేరు: మణికట్టు దాదాపు కదలదు. పిక్ తన దరువు తను వేసుకుంటూ పోతుంటే, పై రెండు వేళ్ళు దానితో సంబంధం లేనట్టు ఒకసారి వెనకబడి, ఒకసారి ముందుకు దూకి, సరిగ్గా చరణం మొదటి మాట దగ్గర వచ్చి కలుస్తాయి. అంతసేపూ ఆయన చేతి వైపు చూడరు. మా వైపే చూసి పాడుతుంటారు.

రెండో సగంలో మాట్లాడుతూనే, శ్రుతి మార్చడానికి గిటార్ మరలు తిప్పడం మొదలెట్టారు. లావు తీగ ఇ స్వరం నుంచి సి కి, దాని పక్కది ఎ నుంచి జి కి దిగాయి. మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ) దగ్గర కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పడింది. అప్పుడే నా పక్కాయన నిటారుగా కూర్చున్నాడు, ఏ పాటో ఆయనకూ అర్థమైంది. ‘1952 విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్’, 1991లో వచ్చిన ‘రూమర్ అండ్ సై’ ఆల్బమ్‌లోది. జేమ్స్ అనే కుర్ర దొంగ, ఎర్రజుట్టు మాలీ, వాళ్ళ మధ్య పాట పేరులో ఉన్న ఆ మోటార్‌సైకిల్. పాత కథాగేయాల్లో గుర్రం ఉండే చోట బండి ఉందంతే. చివర్లో చావుబతుకుల్లో ఉన్న జేమ్స్ ఆమెకు తాళంచెవి ఇస్తాడు. అక్కడ థాంప్సన్ గొంతు బాగా తగ్గించారు, వేళ్ళ వేగం మాత్రం తగ్గించలేదు. మనిషి పోతున్నాడు, బండి ఆగలేదు. వందలసార్లు విన్న పాటలో ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ‘హూ నోస్ వేర్ ద టైమ్ గోస్’ పాడారు. ఫెయిర్‌పోర్ట్‌లో ఆయనతో పాడిన శాండీ డెన్నీ రాసిన పాట. ఆమె 1978లో, ముప్పై ఒక్కేళ్ళకే పోయింది. కాలం ఎటు పోతుందో ఎవరికి తెలుసు అని ఆ అమ్మాయి చిన్న వయసులో రాసుకున్న మాటను డెబ్భై దాటిన స్నేహితుడు పాడుతున్నాడు. ఆమె గొంతు కోసం వెతుక్కుంటూ వింటే నిరాశ పడతారు. ఆయన ఒక్క గమకం కూడా అదనంగా వెయ్యలేదు. మాటలు మాకు అప్పజెప్పి పక్కకు తప్పుకున్నట్టు పాడారు. చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ముప్పై ఎనిమిది పౌండ్లు పెట్టాను. వచ్చే నెల ఇంకో ఊళ్ళో ఉందట. కుడివైపు, రెండో వరసలో సీటు తీసేసుకున్నాను.