మగకుక్క, ఆడకుక్క: మూత్రం పోసే తీరులో తేడా

కూనలప్పుడు రెండూ కిందికి వంగే పోస్తాయి. మగది సాధారణంగా 6 నెలల నుంచి ఏడాదిలోపు కాలెత్తడం మొదలుపెడుతుంది. గేటు, స్కూటర్ టైరు, కరెంటు స్తంభం, ఏదీ వదలదు. ఒక్కోచోట కొన్ని చుక్కలే వేసి హద్దు గుర్తు పెడుతుంది. అందుకే కాసేపు తిప్పి తెచ్చేస్తే మూత్రాశయం ఖాళీ కాదు, ఇంటికొచ్చి గుమ్మంలో పోస్తుంది. ఆడది మామూలుగా కూర్చుని ఒకేచోట పోసేస్తుంది. ఎదకొచ్చినప్పుడు మాత్రం అదీ చోటుచోటా పోస్తుంది. కాలెత్తే ఆడకుక్కలూ ఉంటాయి, అది జబ్బు కాదు.

అసలు భయపడాల్సింది మగదాని గురించే. దాని మూత్రనాళం పొడవు, సన్నం. అంగంలో ఎముక ఉన్నచోట మరీ ఇరుకు. మూత్రాశయంలో తయారైన రాయి ఎక్కువగా అక్కడే చిక్కుకుంటుంది. ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి. ఆడదాని నాళం పొట్టి, వెడల్పు. రాయి అడ్డుపడటం తక్కువ, ఇన్‌ఫెక్షన్ ఎక్కువ: మాటిమాటికీ కూర్చోవడం, రక్తం పడటం గుర్తులు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడదానికి నిద్రలో కారితే పాపం, కొట్టొద్దు. దానికి మందులున్నాయి.

అనంతపురం, కర్నూలు ఎండల్లో రెండింటికీ నీళ్లు తగ్గకూడదు. మామూలు రోజుల్లోనే కిలో బరువుకు 50-60 మి.లీ. కావాలి, వేసవిలో గిన్నె ఎప్పుడూ నిండుగా, నీడలో ఉంచండి.